కాల్‌టెక్‌లో నాలుగేళ్లు: కాపలా లేని పరీక్షలు, కలిసి చేసిన లెక్కలు

‘అమెరికాలోని కాల్‌టెక్ (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) లాంటి చిన్న ప్రైవేట్ యూనివర్సిటీలో బీఎస్ డిగ్రీ చదవడం ఎలా ఉంటుంది? అంత తక్కువ మంది మధ్య ఒంటరిగా అనిపించదా? చదువు తప్ప ఇంకేమైనా ఉంటుందా?’ అని అడిగారు. నేను 2014 నుంచి 2018 వరకు అక్కడే చదివాను కాబట్టి నా అనుభవం నుంచే చెబుతాను.

ముందు చిన్నది అంటే ఎంత చిన్నదో చెప్పాలి. నాలుగేళ్ల బీఎస్ విద్యార్థులు అందరూ కలిసి సుమారు వెయ్యి మంది. మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు. కాలిఫోర్నియాలోని పాసడీనా నగరంలో క్యాంపస్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి పావుగంట చాలు. మొదటి నెల గడిచేసరికి మన బ్యాచ్‌లో దాదాపు అందరి ముఖాలూ తెలిసిపోతాయి. ముగ్గురు విద్యార్థులకు ఒక ప్రొఫెసర్ అని అందరూ గొప్పగా చెబుతారు. అది నిజమే కానీ మొదటి ఏడాది గణితం, ఫిజిక్స్ క్లాసుల్లో రెండొందల మంది ఒకే హాల్లో కూర్చుంటారు. ఆ నిష్పత్తి విలువ రెండో ఏడాది నుంచి, ముఖ్యంగా ల్యాబ్‌లో చేరాక తెలుస్తుంది.

నా దృష్టిలో కాల్‌టెక్‌ను కాల్‌టెక్ చేసేది అక్కడి ఆనర్ కోడ్. అది ఒక్క వాక్యమే. కాల్‌టెక్ సమాజంలో ఎవరూ ఇంకొకరి మీద అన్యాయంగా లాభం పొందకూడదు అని దాని అర్థం. ఈ ఒక్క మాట మీద నమ్మకంతో నా రోజుల్లో చాలా కోర్సుల్లో పరీక్ష పేపర్ మన చేతికే ఇచ్చి పంపేసేవారు. ఫలానా తేదీ లోపల మనకు వీలైనప్పుడు, మన గదిలోనే రాసుకునేవాళ్లం. ఎన్ని గంటలు రాయాలో, పుస్తకం చూడొచ్చో లేదో పై పేజీలో ఉండేది. ఇన్విజిలేటర్ ఎవరూ ఉండేవారు కాదు.

ఇంటర్ వరకు నేను రాసిన ప్రతి పరీక్షలోనూ మా బెంచీల మధ్య ఎవరో ఒకరు తిరుగుతూనే ఉండేవారు. అలాంటిది మొదటి టర్ములో ఒక గణితం పరీక్ష ఇలా గదిలో ఒక్కడినే కూర్చుని రాయాల్సి వచ్చింది. సమయం మూడు గంటలు. పుస్తకం, నోట్సు చూడకూడదు. తలుపు వేసుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మొదలుపెట్టాను. అక్కడ మొదటి ఏడాది గణితం అంటే జవాబు రాబట్టడం కాదు, అది ఎందుకు నిజమో నిరూపించడం. నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. దానికి కావలసిన మెట్టు ముందు వారమే క్లాసులో చెప్పారని, నా నోట్సులో ఎడమవైపు పేజీలో ఉందని కూడా గుర్తుంది. ఆ మెట్టు మాత్రం గుర్తు రావడం లేదు. నోట్సు అదే బల్ల మీద, చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. చివరకు లేచి దాన్ని అల్మరాలో పెట్టి వచ్చి కూర్చున్నాను. ఆ ప్రశ్న ఇక రాలేదు. టైమర్ మోగగానే ఒక గీత గీసి, ‘ఇక్కడికి సమయం అయిపోయింది’ అని రాయాలి. గీత కింద రాసిన దానికి మార్కులు ఇవ్వాలా వద్దా అనేది దిద్దేవాళ్ల ఇష్టం. నేను గీత గీసి ఇచ్చేశాను. మార్కులు క్లాసు సగటు కంటే బాగా తక్కువ వచ్చాయి.

అది పెద్ద దెబ్బే. అక్కడికి వచ్చే ప్రతి ఒక్కరూ తమ స్కూల్లో మొదటి వరుసలో ఉన్నవాళ్లే కదా. అందరినీ ఒక చోట చేరిస్తే సగం మంది సగటు కింద ఉండక తప్పదు. ఈ లెక్క బుర్రకు వెంటనే అర్థమవుతుంది, మనసుకు ఎక్కడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. నేను చేరినప్పుడు మొదటి రెండు టర్ములకు గ్రేడ్లు ఉండేవి కాదు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. అది లేకపోతే నేను ఆ డిసెంబర్‌లోనే కుంగిపోయేవాణ్ణి.

పని భారం గురించి కొంచెం లెక్కలోనే చెబుతాను. ఏడాదికి మూడు టర్ములు, టర్ముకు పది వారాల పాఠాలు ఉంటాయి. ఒక కోర్సు 9 యూనిట్లంటే వారానికి క్లాసు, ఇంటి పని కలిపి తొమ్మిది గంటలని అర్థం. డిగ్రీకి 486 యూనిట్లు కావాలి, అంటే టర్ముకు సగటున 40 పైనే. కాగితం మీద తొమ్మిది గంటలన్న కోర్సు కొన్ని వారాలు పద్నాలుగు గంటలు మింగేస్తుంది. ఇలా చిన్న టర్ముల పద్ధతి (క్వార్టర్ పద్ధతి) కావడంతో ఒక వారం జ్వరం వచ్చి పడుకుంటే పదో వంతు కోర్సు వెళ్లిపోయినట్టే. అందుకే ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) అడగడానికి మొహమాటపడకండి. ముందుగా అడిగితే ఇస్తారు. గడువు దాటిన తర్వాత అడగడం చాలా కష్టం. ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు.

చాలామంది అనుకునేట్టు అక్కడ పోటీ పడి చదవరు. వారం వారం ఇంటి పనిగా ఇచ్చే ప్రాబ్లం సెట్లను ఒక్కడే కూర్చుని పూర్తి చేయడం దాదాపు అసాధ్యం. చాలా కోర్సుల్లో కలిసి చర్చించుకోవచ్చు, కానీ చివరకు ఎవరిది వాళ్లే అర్థం చేసుకుని రాయాలి. రాత్రి పదకొండుకు మా హౌస్ లాంజ్‌లో వైట్‌బోర్డు ముందు నలుగురైదుగురం చేరేవాళ్లం. నాకు ఫిజిక్స్ బొమ్మ గీస్తే అర్థమవుతుంది, ఇంకొకడికి సమీకరణం రాస్తే అర్థమవుతుంది. వాడు నా బొమ్మను సమీకరణంగా మార్చేవాడు, ఇంకో అమ్మాయి మా ఇద్దరి తప్పూ పట్టుకునేది. రెండు గంటలకు ఎవరో ఒకరు ‘ఆఁ, దొరికింది’ అనేవారు. దొరికినవాళ్లు మిగతావాళ్లకు అర్థమయ్యే దాకా పడుకునేవాళ్లు కాదు. ఒంటరిగా అనిపించదా అని అడిగారు కదా, నాకు ఒంటరితనం పోయింది ఆ బోర్డు ముందే.

హౌస్ అన్నాను, అది మామూలు హాస్టల్ కాదు. నేను చేరినప్పుడు మొత్తం ఎనిమిది ఉండేవి. వాటిలో బ్లాకర్, డాబ్నీ, ఫ్లెమింగ్, రికెట్స్ అనే నాలుగు పాతవి, 1931లో కట్టినవి. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కో రాత్రి ఒక్కో హౌస్‌లో భోజనం చేసి, అన్నీ చూశాక తమకు నచ్చినవి చెబుతారు. దీన్ని రొటేషన్ అంటారు. ప్రతి హౌస్‌కూ దాని స్వభావం ఉంది. ఒకటి గోలగా, ఒకటి నెమ్మదిగా, ఇంకొకటి గోడల నిండా బొమ్మలతో ఉంటుంది. మీ స్వభావానికి సరిపడేది చూసుకోండి, పేరున్నది చూసి పోకండి.

చదువు కాక ఏముంటుందంటే, వసంత కాలంలో వచ్చే డిచ్ డే గురించి చెప్పాలి. ఏ రోజో ముందుగా ఎవరికీ చెప్పరు. ఆ రోజు క్లాసులు ఉండవు. సీనియర్లు క్యాంపస్ వదిలి వెళ్లిపోతూ, జూనియర్ల కోసం నెలల తరబడి తయారు చేసిన పజిళ్లు వదిలి వెళతారు. వాటిని స్టాక్‌లు అంటారు. రోజంతా పరుగులే. ఆటల విషయానికొస్తే, అక్కడ ఎవరైనా టీమ్‌లో చేరి ఆడవచ్చని నాకు అనిపించేది, కానీ స్టేడియం నిండిపోయే మ్యాచ్‌లు ఉండవు. పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు తన కాన్ఫరెన్స్‌లో (తాను ఆడే కాలేజీల లీగ్‌లో) వరుసగా 310 మ్యాచ్‌లు ఓడి, 2011 ఫిబ్రవరిలో ఒక్క పాయింట్ తేడాతో గెలిచింది. నేను చేరేనాటికి కూడా సీనియర్లు ఆ రాత్రి గురించి కళ్లు మెరుస్తుండగా చెప్పేవారు.

వేసవిలో సర్ఫ్ అనే పరిశోధన కార్యక్రమం ఉంటుంది. పది వారాలు ఒక ప్రొఫెసర్ దగ్గర, స్టైపెండ్‌తో. మొదటి ఏడాది అయిపోగానే చేయొచ్చు. నేను ప్రొఫెసర్‌కు మెయిల్ రాస్తే మర్నాడే పిలిచి, గంటసేపు బోర్డు మీద తన సమస్య వివరించారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆయన అంత సమయం ఇవ్వడం చిన్న చోటే సాధ్యం అనుకుంటాను.

చిన్న చోటుకు ఇంకో ముఖం కూడా ఉంది. ఒకరితో గొడవ పడితే మర్నాడు క్లాసులో, ల్యాబ్‌లో, భోజనాల దగ్గర అదే మనిషి. తప్పించుకునే దారి ఉండదు. మనం మూడు రోజులు గదిలోంచి బయటకు రాకపోతే మాత్రం ఎవరో ఒకరు తలుపు తట్టేదీ అందుకే. సైన్సు మీద మనసు మారితే కూడా ఇబ్బందే. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ కలిపి 108 యూనిట్లు అందరూ చేయాలి, ఆ క్లాసులు చిన్నవి, చాలా బాగుంటాయి. కానీ మీరు ఇంకా ఏం చదవాలో తేల్చుకోకపోతే, అన్ని శాఖలూ ఉన్న పెద్ద యూనివర్సిటీయే మీకు మంచిది. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

నమ్మకం మీద నడిచే పరీక్షలను ఎవరూ మోసం చేయరా అని కూడా అడుగుతుంటారు. చేసేవాళ్లు ఉంటారు. అనుమానం వస్తే విద్యార్థుల బోర్డే విచారించేది. కానీ నేను చూసింది చెబుతాను. నాలుగో ఏడాది నేనూ ఒక కోర్సుకు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) ఉండి మొదటి ఏడాది వాళ్ల పేపర్లు దిద్దాను. ఒక పేపర్లో చివరి ప్రశ్నకు జవాబు సరైన దారిలోనే నడుస్తోంది. ఇంకో రెండు లైన్లు రాస్తే పూర్తయ్యేది. సరిగ్గా అక్కడ, వాక్యం మధ్యలో, అడ్డంగా ఒక గీత ఉంది. పక్కన ‘సమయం అయిపోయింది’ అని ఉంది. గీత కింద ఏమీ లేదు. గీత పైన ఉన్నదానికి ఎన్ని మార్కులు వస్తాయో అన్నీ వేశాను.