గంటకు 90 డాలర్లంటే నెలకెంతో ముందు ఇంట్లో చెప్పు

తమ్ముడూ,

నిన్న సాయంత్రం మీ నాన్నగారు మా ఇంటికొచ్చి అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. వచ్చే నెల నువ్వు అమెరికాలో చిన్న ఊళ్ళకి విమానాలు నడిపే ఒక రీజనల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కోపైలట్‌గా, చేరుతున్నావని, జీతం గంటకు 90 డాలర్లని సంబరంగా చెప్పారు. పక్కనే ఉన్న మీ మావయ్యగారు రోజుకు ఎనిమిది గంటలు, నెలకు ముప్ఫై రోజులు అని లెక్క కట్టి, 18 లక్షల పైమాటే అని తేల్చేశారు. మీ నాన్నగారు కాదనలేదు. నువ్వు ఆయనకి అసలు లెక్క చెప్పలేదని నాకు అప్పుడర్థమైంది. డబ్బు ఎలా సర్దుకోవాలి, పెళ్ళి ఎప్పుడు పెట్టుకోవాలి అని నువ్వు అడిగావు. ఆ రెండింటికీ జవాబు ఈ లెక్కలోనే ఉంది.

పైలట్‌కి గంట అంటే విమానం గేటు వదిలిన దగ్గర్నుంచి అవతలి ఊళ్ళో గేటు చేరేదాకా. యూనిఫాం వేసుకుని ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు ఖాళీగా కూర్చుంటే దానికి జీతం లేదు, తిండి ఖర్చుకని కాస్త పర్ డియం వస్తుంది, అంతే. ఏడాదిలో 1,000 గంటలు దాటి ఎగరడానికి అక్కడి చట్టమే ఒప్పుకోదు. కొత్తవాడికి నెలకి కనీసం 75 గంటల జీతం గ్యారంటీ ఉందనుకో, 6,750 డాలర్లు. అదీ పన్నులు కొయ్యకముందు. ఇది చిన్న మొత్తమేం కాదు, నా రోజులతో పోలిస్తే నువ్వు అదృష్టవంతుడివి. కానీ మీ మావయ్యగారి లెక్కలో ఇది మూడో వంతు కూడా లేదు. మిగతా రెండొంతులూ నువ్వు ఎక్కణ్ణించో తెచ్చి చూపించాల్సి వస్తుంది. నేను ఆ పనే చేసి మునిగాను.

2007లో చేరినప్పుడు నా జీతం గంటకు 21 డాలర్లు. 75 గంటలకి 1,575. చేతికొచ్చేది 1,300 చిల్లర. అప్పట్లో రీజనల్ కంపెనీల్లో కొత్తవాళ్ళ జీతాలు అలాగే ఉండేవి. 2009లో బఫలో దగ్గర విమానం కూలి, దాని కోపైలట్ జీతం ఎంతో బయటపడ్డాకే ఆ సంగతి అమెరికాలో మామూలు జనానికి తెలిసింది. మన ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది? పైలట్ అంటే లక్షలు. నేనూ కాదనలేదు. 2008 సంక్రాంతికి నాన్నగారు ఫోన్ చేసి, "పైన స్లాబు వేయించేద్దాంరా, మేస్త్రీ నాలుగు లక్షలంటున్నాడు" అన్నారు. "సరే నాన్నగారూ, సగం పంపిస్తాను" అన్నాను. డాలరు అప్పుడు 40 రూపాయలు. రెండు లక్షలంటే 5,000 డాలర్లు. నా దగ్గర 500 కూడా లేవు. రెండు క్రెడిట్ కార్డుల మీద నగదు తీసి పంపించాను. ఆ కార్డుల వడ్డీ ఏడాదికి 24 శాతం. మన ఊరి నూటికి రెండు రూపాయల వడ్డీ ఎంతో అదీ అంతే. ఇక్కడైతే ఆ వడ్డీకి తీసుకునే ముందు పదిసార్లు ఆలోచించే ఇంట్లో పుట్టినవాణ్ణి, అక్కడ ప్లాస్టిక్ కార్డు కాబట్టి అప్పులా అనిపించలేదు.

మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ నర్సు, రాత్రి డ్యూటీలు చేసేది. ఇంటి అద్దె నిజానికి ఆవిడ జీతంలోంచే పోయేది. నా బేస్, అంటే డ్యూటీ ఎక్కే ఊరు, వేరే చోట ఉండేది కాబట్టి అక్కడ క్రాష్ ప్యాడ్‌లో, అంటే పైలట్లు కలిసి అద్దెకుండే ఇంట్లో, ఒక మంచానికి నెలకి 250 కట్టేవాణ్ణి. ఎనిమిది మంది పైలట్లకి ఒకే వంటిల్లు. రైస్ కుక్కర్లో అన్నం, అత్తగారు పంపిన ఆవకాయ, అదే రెండు పూటలా. అక్కడి కష్టం కష్టంలా అనిపించలేదు. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడేటప్పుడు మాత్రం డబ్బు మాట వస్తుందేమోనని గుండె దడగా ఉండేది. అందుకని ఫోన్లు తగ్గించాను. ఆవిడ అది ఇంకోలా అర్థం చేసుకుంది.

నాలుగు రోజుల ట్రిప్ ముగించుకుని ఒకరోజు ఇంటికెళ్ళేసరికి కార్డు స్టేట్‌మెంట్ భోజనాల బల్ల మీద ఉంది. కవరు వెనకాల పెన్సిల్‌తో ఆవిడ కూడికలు వేసింది. నెలనెలా కనీసం మాత్రమే కడుతూ పోతే ఎన్నేళ్ళకి తీరుతుందో లెక్క వేసి, ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది. అరవలేదు. "డబ్బు మళ్ళీ సంపాదించుకుంటాం. ఏడు నెలల పాటు నాతో అబద్ధంగా మాట్లాడారే, అదెలా తీర్చుకుంటాం?" అంది. తరవాత డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అంత ఒంటరితనం నాకు క్రాష్ ప్యాడ్‌లో కూడా లేదు.

మర్నాడు నాన్నగారికి ఫోన్ చేసి ఉన్న జీతం ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "స్లాబు సంగతి తరవాత చూసుకుందాం, ముందా కార్డు తీర్చు" అన్నారు. ఆ మనిషి గురించి నీకు తెలియాలి. 1996 నవంబరు తుఫానులో మా రెండెకరాల కొబ్బరి తోటలో నిలబడ్డ చెట్లు పాతిక కూడా లేవు. వారం తిరక్కుండా అప్పులవాళ్ళందరి ఇళ్ళకీ తనే వెళ్ళి, "దింపు లేదండి, వడ్డీ వరి మీద కడతాను, అసలుకి ఆగాలి" అని చెప్పొచ్చారు. మళ్ళీ మొక్కలు పెట్టి కాపు కోసం ఆరేడేళ్ళు చూశారు. అలాంటాయనకి నా రెండేళ్ళ చిన్న జీతం అర్థం కాదనుకున్నాను నేను. ఆ స్తంభాల ఊచలు అయిదేళ్ళు అలాగే ఆకాశంలోకి నిలబడి తుప్పు పట్టాయి. అమ్మ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసేది. స్లాబు 2013లో పడింది, ఒక్క రూపాయి అప్పు లేకుండా. ఇప్పుడు పెద్ద కంపెనీలో కెప్టెన్‌ని, ఈ ఉత్తరం ఆ స్లాబు కిందే కూర్చుని రాస్తున్నాను.

మీ వయసువాళ్ళు అన్నీ ఫోన్‌లో చూసి తెలుసుకుంటారు కాబట్టి ఎయిర్‌లైన్‌లో చేరడానికి 1500 గంటలు ఎగిరి ఉండాలనే రూలు, మెడికల్ పరీక్ష, పన్నులు నేను చెప్పక్కర్లేదు. ఇండియా ఖాతాల్లో అన్నీ కలిపి ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి ఏటా తెలియజేయాలని మాత్రం గుర్తుంచుకో. వీలైతే బేస్ ఉన్న ఊళ్ళోనే ఇల్లు తీసుకో, క్రాష్ ప్యాడ్ అద్దె మిగులుతుంది.

మీ తోట తాకట్టు మీద 12 లక్షలు నూటికి రెండు రూపాయలకి తెచ్చారట. నెలకి 24,000 వడ్డీకే పోతోంది. బ్యాంకు లోను ఉన్నా సరే, ముందు ఇది తీర్చు. ఐఫోన్లు, బంగారం, గుడికి చందా, అన్నీ దీని తరవాతే. అడిగినవాళ్ళకి "తోట విడిపించాక" అని చెప్పు. మన ఊళ్ళో ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు.

పెళ్ళి సంగతి. పాలకొల్లు సంబంధం వాళ్ళు అప్పు మేమే తీర్చేస్తామంటున్నారని విన్నాను. తీసుకోవద్దు. అది కట్నమే, పేరేదైనా. నీ మొదటి పే స్లిప్, అప్పు కాగితాలు ఆ అమ్మాయి చేతికే ఇవ్వు, పెద్దవాళ్ళకి కాదు. సెలవులు సీనియారిటీని బట్టి వస్తాయి కాబట్టి మొదటి రెండు మూడు సంక్రాంతులకి నువ్వు రాలేవని కూడా చెప్పు. కొత్త అల్లుడు రాలేదని మా అత్తగారు ఎంత బాధపడ్డారో నాకు తెలుసు, ముందే చెప్పి ఉంటే అంత ఉండేది కాదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాడి భార్యకి వీసా వెంటనే రాదు, ఎవరి వంతు ఎప్పుడో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్ చూసుకో. ఆ నెలల్లో ఆ అమ్మాయి ఇక్కడ, నువ్వక్కడ. మీ మధ్య ఉండేది ఫోనొక్కటే. దాంట్లో దాచుకునే సంగతి ఏదీ ఉండకూడదు.

నేను ఆదివారం దాకా ఊళ్ళోనే ఉంటాను. రేపు సాయంత్రం ఆఫర్ లెటరు, తాకట్టు కాగితం పట్టుకుని మీ నాన్నగారితో రా. మీ మావయ్యగారిని కూడా తీసుకురా. ఆయన లెక్క ఆయన చేతే మళ్ళీ వేయిద్దాం.