ఊళ్లో ఉన్న అమ్మ ఫోనుకు ఏ ప్రీపెయిడ్ రీఛార్జి చవక?

ఇంటర్నెట్ వాడకుండా, మాట్లాడటానికీ, బ్యాంకు ఓటీపీలు అందుకోవడానికీ మాత్రమే కీప్యాడ్ ఫోను వాడే మీ అమ్మగారికి డేటా కలిపిన ప్లాను అవసరం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో తన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ఒక వోచరునైనా (అంటే రీఛార్జి ప్లానునైనా) ప్రతి కంపెనీ అందించాలి. అప్పటిదాకా 90 రోజులకు మించని ప్రత్యేక వోచర్ల గడువును 365 రోజుల వరకు పెంచుకునే వీలు కూడా అప్పుడే కల్పించారు. అయితే యాప్ తెరవగానే డేటా ప్లాన్లే ముందు కనిపిస్తాయి కాబట్టి, ఈ వోచరును కాస్త ఓపికగా వెతుక్కోవాలి.

ధరను ఎప్పుడూ రోజుల సంఖ్యతో భాగించి చూడండి. 28 రోజులకు 200 రూపాయలంటే నెలకు 200 అనిపిస్తుంది గానీ, ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి కాబట్టి ఖర్చు 2,400 కాక 2,600 అవుతుంది. ఒకేసారి అంత డబ్బు పెట్టగలిగితే, రోజువారీ లెక్క తక్కువగా వస్తున్నంతవరకు, 84 రోజులదో ఏడాదిదో తీసుకోవడం మేలు. గడువు తేదీ గుర్తుపెట్టుకునే బాధ కూడా తగ్గుతుంది.

డబ్బు కట్టే ముందు ఆ ఊళ్లో, వీలైతే ఆ ఇంట్లోనే, సిగ్నల్ ఎలా ఉందో ఇరుగుపొరుగును అడగండి. జియోకు 2జీ సేవ లేదు కనుక పాత 2జీ కీప్యాడ్ ఫోనులో ఆ సిమ్ పనిచేయదు. కంపెనీ మార్చదలిస్తే, పాత నంబరుతోనే మారేందుకు ఆ ఫోను నుంచే 1900కు పోర్ట్ సందేశం పంపాలి.