పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డును చిన్న కస్టమ్ కీబోర్డుగా మార్చుకోవడం లాభమేనా?

లాభమే. నేను చేశాను, ఈ జవాబు కూడా దాని మీదే కొడుతున్నాను. అయితే మీరు ప్రశ్నలో ఇంకో మాట అడిగారు: "నంబర్ ప్యాడ్ వైపు రంపంతో కోసేస్తే చాలా, లేక ఏకంగా 40 శాతం సైజుకు తెచ్చేయాలా" అని. రెండూ వద్దు. కోస్తే బోర్డులోని రాగి తీగలు మధ్యలో తెగుతాయి, మిగిలిన సగం కీలు కూడా పలకవు. ఇక 40 శాతం అంటే అంకెల వరుస కూడా లేని బుల్లి కీబోర్డు, మీరు తెలుగు టైప్ చేసేవాళ్లయితే అసలు తలపెట్టకండి.

నా కీబోర్డు మా మేనమామది. గుంటూరు అరండల్‌పేటలో ఇరవై ఏళ్ల పైన డీటీపీ సెంటర్ నడిపాడు. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు పాంప్లెట్లు. మెట్లెక్కుతుంటేనే ఆ టకటక వినిపించేది. షాపు మూసేసినప్పుడు కంప్యూటర్లన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేసి, ఇదొక్కటి నా చేతిలో పెట్టి "దీన్ని మాత్రం పారేయకురా అల్లుడూ" అన్నాడు. వెనక గుండ్రటి పీఎస్2 పిన్ను. నా ల్యాప్‌టాప్‌కి అది పెట్టే చోటే లేదు. క్యాపులు పీకితే కింద ఊదొత్తి నుసి, స్టేప్లర్ పిన్నులు, జిగురు. కానీ లోపల, ఒక్కో కీ కింద, చెర్రీ కంపెనీ నీలం స్విచ్‌లు, నొక్కితే టక్‌మనేవి. ఒక్కో స్విచ్ 5 కోట్ల నొక్కులు తట్టుకునేలా చేసింది. ఇప్పుడు వేలకు వేలు పోసి కొంటున్న రంగురంగుల లైట్ల కీబోర్డులు చాలావాటిలో ఇంత సరుకు లేదని నా గట్టి నమ్మకం. కీబోర్డుకు లైట్లెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చూడాల్సింది స్క్రీన్‌ని కదా.

పని ఇలా చేశాను. పాత బోర్డును వాడలేదు, స్విచ్‌లు మాత్రం తీసుకున్నాను. మొత్తం 104 స్విచ్‌లు, ఒక్కోదానికి రెండు కాళ్లు, అంటే 208 చోట్ల సోల్డర్ కరిగించి లాగాలి. పాత సోల్డర్ ఊరికే కరగదు. దాని మీద కొంచెం కొత్త సోల్డర్ పెట్టి కరిగిస్తే రెండూ కలిసి కారతాయి, అప్పుడు సక్కర్‌తో పీల్చాలి. ఇది తెలియక మొదటి రోజు సోల్డరింగ్ ఐరన్ గట్టిగా అదిమి పట్టి రెండు స్విచ్‌ల ప్లాస్టిక్ కరిగించేశాను.

కొత్త దానికి 61 కీలు చాలు. స్విచ్‌లు కూర్చోవడానికి ప్లేటు కావాలి. ఒక్కో రంధ్రం 14 మిల్లీమీటర్ల చదరం, ఒక కీ నడిమధ్య నుంచి పక్క కీ నడిమధ్యకు 19.05 మిల్లీమీటర్లు. నేమ్‌బోర్డులు చేసే షాపులో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్‌లో కోయించాను, డబ్బు దండగ. స్విచ్ పక్కనుండే చిన్న కొక్కేలు అంత మందానికి పట్టవు, క్యాపు లాగితే స్విచ్ కూడా ఊడి వస్తుంది. 1.5 మిల్లీమీటర్ల స్టీలు రేకులో మళ్లీ కోయించాను. పొడుగు కీల క్యాపులు, అవి ఒక పక్కకు ఒరగకుండా కింద పట్టే స్టెబిలైజర్లు కొత్తవి కొన్నాను. వెనకాల ప్రతి స్విచ్‌కి ఒక 1ఎన్4148 డయోడ్ (కరెంటును ఒక వైపుకే పోనిచ్చే చిన్న ముక్క), 5 అడ్డ వరుసలకు, 14 నిలువు వరుసలకు వైర్లు, ఆ 19 వైర్లూ రాస్ప్‌బెర్రీ పై పీకో అనే ఒక చిన్న కంట్రోలర్ బోర్డుకి. అందులో క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్, అంటే కీబోర్డును నడిపే ప్రోగ్రాం. ఏ కీ నొక్కితే ఏది పలకాలో మనమే రాసుకోవచ్చు, ఆ పట్టికే కీమ్యాప్.

ఇక అసలు విషయం. అంతా అయ్యాక రాత్రి పదకొండింటికి యూఎస్‌బీ గుచ్చి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (ఏ కీకి ఏ తెలుగు అక్షరమో చెప్పే లేఅవుట్) పెట్టి "గొడుగు" అని కొట్టాను. స్క్రీన్ మీద "గుగు" అని పడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ "గుగు". చచ్చే టెన్షన్ వచ్చింది, 61 డయోడ్లూ మళ్లీ విప్పాలేమో అని.

బోర్లా తిప్పి మల్టీమీటర్‌తో ఒక్కో డయోడే చూసుకుంటూ వచ్చాను. ఇంగ్లిష్‌లో పి పక్కన ఉండే బ్రాకెట్ కీ దగ్గర డయోడ్ నల్ల గీత అటుది ఇటు ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో డ అక్కడే ఉంటుంది. తిప్పి అతికించాను. ఈసారి "గడుగు" వచ్చింది. ఒత్వం మాత్రం రాదు. వైరు బాగుంది, డయోడ్ బాగుంది, స్విచ్ బాగుంది. చాలాసేపు కొట్టుకున్నాక వెలిగింది. 61 కీల కీబోర్డుల్లో మామూలుగా ఎడమ పై మూల, 1 కీ పక్కన, ఎస్కేప్ కీ పెడతారు, నేనూ చూసినట్టే పెట్టేశాను. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ మూల కీ మనకు ఒత్వం, షిఫ్ట్‌తో కలిపితే ఒ. కొత్త, కొంప, పొలం, గొర్రె, ఒక్కటీ రాయలేం. ఆ లేఅవుట్లు గీసినవాళ్ల లెక్కలో అది ఎవరూ వాడని కీ.

నాకు కోపం వచ్చింది అక్కడే. ఈ చిన్న కీబోర్డుల లేఅవుట్లన్నీ ఇంగ్లిష్ రాసేవాళ్ల చేతుల కొలతకు కుట్టినవి. కుడి అంచు కీలు వాళ్లకు అదనపు సామాను. మనకు అక్కడ చ, ట, డ, య ఉన్నాయి. ఈక్వల్ గుర్తు కీ దగ్గర ఋత్వం ఉంది. 40 శాతం కీబోర్డులో అంకెల వరుసే ఉండదు, "కృష్ణ" అని రాయాలంటే ఒక చేత్తో ఇంకో కీ పట్టుకుని వెతుక్కోవాలి. ఇన్‌స్క్రిప్ట్ 1991 నుంచీ మన దేశ ప్రమాణం. అయినా మన అక్షరాలు ముద్రించిన క్యాపుల సెట్టు కోసం కాళ్లరిగేలా తిరిగాను, దొరకలేదు. దొరక్కే కదా మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి అలవాటు పడ్డది.

నేనేం చేశానంటే, ఎస్కేప్‌ని క్యాప్స్‌లాక్ స్థానంలోకి దించి, మూల కీ ఒత్వానికి వదిలేశాను. కీమ్యాప్‌లో రెండు మాటలు మార్చడమే. బాణం కీలు ఫంక్షన్ కీతో కలిపి వేళ్ల కిందే పెట్టుకున్నాను, వారంలో అలవాటయింది.

మొన్న సంక్రాంతికి మావయ్య వచ్చినప్పుడు దీన్ని ముందు పెట్టాను. స్పేస్ కీ రెండు సార్లు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నట్టు వంగి విన్నాడు. "శబ్దం అదేరా" అన్నాడు. కాసేపు వేళ్లాడించి, కుడి చెయ్యి టేబుల్ మీద ఖాళీలో పెట్టి "మరి నా అంకెలేవిరా, బిల్లులెలా కొట్టాలి?" అని అడిగాడు. షాపు మూసేసినా ఇంటి లెక్కలన్నీ కంప్యూటర్‌లోనే రాస్తాడు. నా దగ్గర ఇంకా నలభై ఒక్క స్విచ్‌లు మిగిలి ఉన్నాయి. నంబర్ ప్యాడ్‌కి 17 చాలు. ప్లేటు కటింగ్‌కి ఇచ్చాను, ఈసారి స్టీలులోనే.