పేరు మార్చుకున్న దేశం గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ మూడో పేరాలో 'ఈయూ (యూరోపియన్ యూనియన్) సభ్యత్వం కోసం ఉత్తర మాసిడోనియా తన విదేశాంగ విధానాన్ని సర్దుబాటు చేసుకుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు ప్రాణం ఉసూరుమంది. సర్దుబాటు ఏమిటమ్మా? మాసిడోనియాగా ఉన్న ఆ దేశం 'ఉత్తర' తగిలించుకుని పేరే మార్చుకుంది!

2018 ఫిబ్రవరిలో వాళ్ల రాజధాని స్కోప్యే విమానాశ్రయం మీది 'అలెగ్జాండర్ ది గ్రేట్' అన్న పెద్ద పెద్ద అక్షరాలను పనివాళ్లు ఒక్కొక్కటీ ఊడదీశారు. మాసిడోనియా అన్న పేరూ అలెగ్జాండరూ మావేనన్న పొరుగుదేశం గ్రీసు కోపం చల్లార్చడానికి. విదేశాంగ విధానం అంటే నాకు ఆ ఊడిన అక్షరమే. జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున, పేరు మార్చుకునేందుకు గ్రీసుతో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సెప్టెంబరులో ప్రజాభిప్రాయం అడిగితే, ఓటేసినవాళ్లలో తొంభై శాతం పైగా సరేనన్నారు. కానీ ఓటుకు వచ్చిందే 37 శాతం లోపు. రానివాళ్లు ఇంట్లో కూర్చుని ఏమనుకున్నారు? నీ వ్యాసంలో వాళ్లేరీ?

పేరు మార్చుకున్నందుకు 2020లో నాటో సైనిక కూటమిలోకైతే రానిచ్చారు. ఈయూ తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2019 అక్టోబరులో ఫ్రాన్స్ అడ్డం పడింది. మరుసటి ఏడాది బల్గేరియా, మీ భాష మా భాషేనంటూ. ఇప్పుడేమో రాజ్యాంగంలో బల్గేరియన్ల ప్రస్తావన చేర్చాలని షరతు. లోపలున్న ప్రతి దేశానికీ వీటో, అంటే కొత్తవాళ్లను ఒక్కటే ఆపేసే హక్కు, ఉంటుంది, గుమ్మం బయట నిలబడ్డవాడికి ఉండదు. అందుకే చేరాక కంటే చేరకముందే దేశం ఎక్కువ మారుతుంది. నువ్వు చేరిక గురించి రాశావు. రాయాల్సింది 2005లో అభ్యర్థి దేశమైనప్పటి నుంచి సాగుతున్న ఎదురుచూపు గురించి. అది అందరినీ ఒకేలా వంచదు కూడా. సెర్బియా కూడా అదే గుమ్మంలో ఉంది, అయినా ఈయూ పెట్టినట్టు రష్యా మీద ఆంక్షలు పెట్టలేదు.

1987లో టర్కీ ఇదే యూరప్ కూటమిలో చేరడానికి దరఖాస్తు పెట్టుకున్నాక నేనూ ఒక వ్యాసం రాశాను. చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ల కట్టలు ముందేసుకుని, చేత్తో ఎత్తి రాసుకుని, నెల రోజులు. ఒక వారపత్రిక ఎడిటర్ పన్నెండు పేజీలను రెండు చేశాడు. మంత్రుల మాటలు ఉంచి మనుషుల్ని కోసేశాడు. 'టర్కీ గొడవ మన పాఠకులకెందుకండీ' అన్నాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పటి ఎడిటర్లు ఇలాంటి వ్యాసాలు వేస్తున్నారు గానీ, 'అయిదు కారణాలు' అని సబ్ హెడ్డింగులు పెట్టమంటున్నారు. పెట్టకు.

ఆ మూడో పేరా విమానాశ్రయం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. పోస్టులో వద్దు, ఆదివారం ఇంటికే పట్టుకురా.