హైవే నిండా లైట్లున్నా రోడ్డు దాటే మనిషి ఎందుకు కనపడడు?

మీ ఊరి జంక్షన్‌లో లైట్లు దండిగా ఉన్నా, రోడ్డు దాటే మనిషి బండి దగ్గరికొచ్చేదాకా కనపడడం లేదని, ఇంకా పెద్ద లైట్లు అడగాలా అని రాశారు. వద్దు. నేను చిత్తూరు, తిరుపతి మధ్య లైట్ల పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్లు సైట్ సూపర్‌వైజరుగా ఉన్నాను. నేను చూసినంతలో తేడా వాట్లలో కాదు, స్తంభానికీ స్తంభానికీ మధ్య మిగిలిపోయే చీకట్లో ఉంటుంది.

ఒక పనిలో 9 మీటర్ల స్తంభాలు. అంత ఎత్తుకు 30 మీటర్లకొకటి పాతాలి. ఖర్చు మిగులుతుందని మావాళ్లు 45 మీటర్లకొకటి పాతించి, బదులుగా ఎక్కువ వాట్ల ఎల్ఈడీలు బిగించారు. స్విచ్ వేసిన రాత్రి అందరూ పట్టపగల్లా ఉందన్నారు. నేలమీద పడే వెలుగును కొలిచే లక్స్ మీటరు పట్టుకుని నడిస్తే స్తంభం కింద 42 లక్స్, నడిమధ్యలో 3! గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. అంటే రెండు సెకన్లకొకసారి వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు. కన్ను ఆ చీకటికి సర్దుకునేలోపే తర్వాతి లైటు వచ్చి కొడుతుంది. నల్ల కంబళి కప్పుకున్న ముసలాయన ఆ నడుమ నిలబడితే ఇంకేం కనపడతాడు?

రోడ్డు లైట్లకు మన దేశంలో ఉన్న ఐఎస్ 1944 అనే ప్రమాణం ప్రకారం రద్దీగా, వేగంగా బండ్లు పోయే రోడ్లకు సగటున 30 లక్స్ ఉండాలి. అన్నిటికన్నా తక్కువ వెలుగున్న చోట కూడా ఆ సగటులో 40 శాతానికి తగ్గకూడదు. బిల్లు పెట్టేటప్పుడు అందరూ మొదటి అంకె చూపిస్తారు, రెండోది ఎవరూ అడగరు.

ఇక మన పల్లెల దగ్గర తెల్లారుజామున పాలక్యాన్లు పట్టుకుని రోడ్డు దాటేవాళ్ల సంగతి. లైటు సరిగ్గా వాళ్ల నెత్తిమీదే ఉంటే తల మెరుస్తుంది, ఒళ్లు నీడలో ఉండిపోతుంది. దాటే చోటికి కొంచెం ముందే, బండి వచ్చే వైపు స్తంభం ఉంటే వెలుగు మనిషి మీద పడుతుంది. రెండు వైపులా ఇలాగే. ఎక్కువ దూరం వెలుగు పడుతుందని లైటును పైకి వంచేవాళ్లున్నారు, అది నేరుగా డ్రైవరు కళ్లలోకే కొడుతుంది.

మూడు ఫేజులనూ స్తంభాలకు వరసగా ఒకటి మార్చి ఒకటి ఇవ్వాలి. అప్పుడు ఒక ఫేజు పోతే ప్రతి మూడో లైటే ఆరుతుంది, కిలోమీటరంతా చీకటి కాదు. కరెంటు ఆదా అని అర్ధరాత్రి తర్వాత ఒకటి విడిచి ఒకటి ఆర్పేయడం నాకసలు నచ్చదు. దానికన్నా అన్నిటినీ సగానికి తగ్గించడం మేలు, ఎల్ఈడీల్లో డిమ్మింగ్ పెట్టుకోవచ్చు.

లైట్లు లేని చోట్ల మాటేమిటంటారా? డిప్ లైటులో 50 మీటర్లు కనపడితే గొప్ప. 80 వేగంలో ఆగడానికి 120 మీటర్లు కావాలని రోడ్డు ఇంజినీర్ల లెక్క. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరి ఉంటాయి కదా, చాలా ట్రాలీలకు వెనక లైటే ఉండదు. అక్కడ లైట్లు వచ్చేదాకా ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించమని రైతులకు చెప్పండి, వందల్లో అయిపోయే ఖర్చు.

ఫిర్యాదుతో సెల్‌ఫోన్ ఫోటో జత చేయకండి, అది చీకటిని కూడా వెలుగు చేసి చూపిస్తుంది. స్తంభాల నంబర్లు రాసి, టేపుతో కొలిచిన దూరం పక్కన వేయండి. మా వీధి మలుపు దగ్గర అలా రాసిస్తేనే నడుమ రెండు స్తంభాలు వచ్చాయి. ఎనిమిది నెలలు పట్టిందనుకోండి.