ముందు మీ అమ్మగారితో తేల్చుకోండి

ప్రశ్న: పెళ్లై తొమ్మిదేళ్లు. మావారు నెలకో రెండు నెలలకో ఓసారి చెయ్యి చేసుకుంటారు. తర్వాత మూడు వారాలు ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది. ఆయన బండి చప్పుడు వినగానే మా ఏడేళ్ల పాప టీవీ కట్టేస్తుంది. "చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, నువ్వు సర్దుకుపోతే అందరికీ శాంతి" అంటుంది అమ్మ. మనశ్శాంతికి ఏ ధ్యానం మంచిది?

జవాబు: ధ్యానం సంగతి పక్కన పెట్టండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య దొరికే విరామాన్ని మీరు శాంతి అనుకుంటున్నారు. కొట్టడం, బతిమాలడం, మల్లెపూలు తేవడం, మళ్లీ సణుగుడు... ఆ మూడు వారాలూ హింసలో భాగమే. మీ పాపకు అర్థమైంది, మీకే కాలేదు.

మీ ఉత్తరంలో నాకు మీవారికన్నా మీ అమ్మగారే ఎక్కువ కనిపించారు. కొట్టినా అడిగేవాళ్లు లేరన్న ధైర్యం ఆయనకు ఆవిడ వల్లే వచ్చింది. చెల్లి పెళ్లి కుదరాలంటే అక్క దెబ్బలు తినాలా? ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని అడగండి: "రాత్రి పదింటికి పాపతో వస్తే తలుపు తీస్తావా?" తీయనంటే మంచిదే, ఆశ వదిలేయొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు, అక్కడ ఐదు రోజుల దాకా ఉండొచ్చు.

డాక్టర్‌తో "బాత్‌రూంలో జారిపడ్డాను" అనకండి. ఆ చీటీయే రేపు కోర్టులో మీకు ఎదురు తిరుగుతుంది. కమిలిన చోటు ఆ రోజు సరిగా కనబడదు, రెండు రోజులయ్యాక మళ్లీ ఫొటో తీయండి: దగ్గరగా ఒకటి, ముఖం కనిపించేలా ఒకటి. నమ్మకస్తులకు పంపి, మీ ఫోన్లోంచి తీసేయండి. ఆధార్, సర్టిఫికెట్లు, పాప జనన ధ్రువపత్రం ఇంటి బయట ఎక్కడైనా దాచండి.

కేసు పెడితే ఇల్లు వదలాలనేది అపోహ. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు మీ పేరున లేకపోయినా కాపురమున్న చోట ఉండే హక్కు మీది. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణ అధికారి మీ ఫిర్యాదు రాసుకుని మేజిస్ట్రేటుకు పంపుతారు. మొదటి విచారణ మూడు రోజుల్లో అని చట్టంలో ఉంది గానీ, కోర్టుల నడక తెలిసిందేగా! అందుకే 23వ సెక్షన్ కింద, కేసు తేలేదాకా మిమ్మల్ని కాపాడే మధ్యంతర రక్షణ ఉత్తర్వు కూడా దరఖాస్తుతోనే అడగండి. దాన్ని మీవారు మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు వకీలు ఉచితం, న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

పెద్దల్లో పెడదామంటారు మీవాళ్లు. కూర్చోండి, కానీ దరఖాస్తు వేశాకే. ఉత్త మాట మీద వెనక్కి తీసుకోకండి. చెల్లికి మాత్రం ఇదంతా మీ నోటితోనే చెప్పండి, రేపు పెళ్లిచూపుల్లో కూర్చోబోయేది ఆ పిల్లే.