క్వారీ కార్మికులచేత బీడీ మాన్పించడానికి ఏం చెప్పాలి?

మీ క్వారీలో గోడనిండా క్యాన్సర్ బొమ్మలు అంటించినా బీడీలు తగ్గలేదని, ఇంకేం చెప్పాలని అడిగారు. టెక్కలి ప్రాంతపు గ్రానైటు క్వారీలలో పదకొండేళ్లు సూపర్‌వైజరుగా పనిచేసి, నేనూ ఆ అలవాటును అతికష్టం మీద మానినవాడిని కనుక రాస్తున్నాను.

ఆ బొమ్మలు బీడీ కట్టల మీదా ఉన్నవే. రోజూ చూసేదానికి ఎవరూ జడవరు. మా డ్రిల్లర్లు చెప్పుకొనే కారణం వేరు. "దుమ్ము లోపలికి పోతాది బాబూ, బీడీ తాగితేనే గళ్ళ తెగి పడతాది" అన్నాడొక పెద్దాయన. ఆ నమ్మకం జోలికి పోకుండా ఎంత చెప్పినా ప్రయోజనం ఉండదు. ఊపిరి గొట్టాల లోపల సన్నని నూగు ఉంటుందని, అది చీపురులా దుమ్మునూ కఫాన్నీ పైకి ఊడుస్తుందని, పొగ ఆ నూగునే చచ్చుబడేలా చేస్తుందని, అందువల్ల రాతిదుమ్ము పీల్చేవాడికి బీడీ మిగతావారికంటే ఎక్కువ చేటని ఆయనకు వివరించాను.

అయితే మానిన కొత్తలో ఆ నూగు మళ్లీ పనిలో పడి, కొన్ని వారాలపాటు దగ్గు, గళ్ళ పెరగవచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోవడం నా పొరపాటు. "మానేశాకే దగ్గు ఎక్కువైంది" అంటూ మావాళ్లు ఇద్దరు మళ్లీ ముట్టించారు. అలాగని ప్రతి దగ్గునూ దీని ఖాతాలో వేయకూడదు. రాతిదుమ్ములో ఉండే సిలికా అనే ఖనిజపు పొడిని పీల్చేవారికి క్షయ ముప్పు ఎక్కువ కాబట్టి, దగ్గు రెండు వారాలు దాటినా, రక్తం పడినా ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించాలి.

మొదటి మూడు నాలుగు రోజులు చాలా కష్టంగా ఉంటాయి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ సాయపడుతుంది గాని, టీ తాగిన వెంటనే నమిలితే సరిగా పనిచేయదు, పావుగంట ఆగాలి. మా క్వారీలో బీడీ వెలిగేది సరిగ్గా టీ వేళలోనే! పొగాకు మానడానికి సాయపడే జాతీయ సేవకు 1800-11-2356 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి సలహా కూడా పొందవచ్చు.

ఇళ్లలో అడ్డపొగ తాగే ఆడవాళ్లుంటే వారికి ఊపిరి కంటే ముందు అంగిలి గురించి చెప్పాలి. అడ్డపొగలో చుట్ట నిప్పున్న కొన నోట్లోనే ఉంటుంది కదా, ఆ వేడి తగిలేది అంగిలికే.

దుమ్ము అణగడానికి నీళ్లు పెట్టకుండా పొడి డ్రిల్లింగ్ చేయిస్తూ బీడీ మానమంటే కార్మికులు నవ్వుకుంటారు. మా దగ్గర నీటి గొట్టం వేయించిన తరువాతనే ఆ పెద్దాయన నా మాట చెవిని పెట్టాడు. అప్పటికీ రోజుకు రెండు బీడీలు మాత్రం వదిలిపెట్టలేదు.